వెల్డు మీద ఎర్రగీత

అమ్మవారు చూపించిందట! మా టెస్టింగన్న పోయిన పదకొండో దినం నాడు, కందుకూరు దగ్గర వాళ్ల ఊళ్లో, టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ అదే కథ చెప్పారు. దసరా తెల్లారి క్రేను యంత్రాన్ని ఎత్తబోతుంటే, పూజ చేసిన ఇనుప లగ్గు మీద ఎర్రగా గీత తేలిందట. మహా భక్తుడు కాబట్టి అది ఆయన కంటికే కనిపించిందట. ఆపమన్నాడట, ప్రాణాలు నిలబడ్డాయట. అందరికంటే బాగా చెప్పింది క్రేను కాంట్రాక్టరు. ఆ రోజు ఎత్తండి ఎత్తండి అని అందరికంటే గట్టిగా అరిచింది కూడా ఆయనే. ఆ ముక్క మాత్రం కథలోంచి ఎక్కడో రాలిపోయింది.

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు చేతకాదని మా షెడ్డులో వెల్డర్లకు తెలుసు, మా ఇంట్లో అత్తగారికి ఇంకా బాగా తెలుసు. పప్పు వడ్డిస్తున్న చేతిని ఆపి మరీ చెప్పాను. ఆయన భక్తుడు కాడు. గుడికి వెళ్తే దేవుడి వైపు చూసేవాడే కాదు, గంట వేలాడే గొలుసు వైపు చూసేవాడు. ఇక ఆ రోజు ఆ వెల్డులో పగులే లేదు. వెంట్రుకంత కూడా లేదు. ఆ ఎర్రగీత ఉత్త కుంకుమ. నా చీర కొంగుతో నేనే తుడిచాను.

కాంట్రాక్టరు చేయి కడుక్కుని వచ్చి, "పోయినాయన గురించి అలా మాట్లాడకూడదు మేడమ్ గారూ" అన్నాడు.

పోయినాయన గురించి అబద్ధాలు మాత్రం మాట్లాడొచ్చు కాబోలు. అందుకే ఇది రాస్తున్నాను.

పాల్మాకుల దాటాక రోడ్డు పక్కన ఉన్న ఓ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో నేను డిజైన్ ఇంజనీర్ని. శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చాక చుట్టూ హోటళ్లు, గోదాములు లేచాయి. ప్రతిదానికీ ఓ పెద్ద జెనరేటరు కావాలి. దాని కింద ఉండే ఇనుప పీఠం మేం చేస్తాం. ఆ పీఠాన్ని క్రేనుతో లేపాలంటే నాలుగు మూలలా చెవుల్లాంటి మందపాటి ప్లేట్లు వెల్డు చేయాలి. వాటినే లగ్గులంటారు. కమ్మ కోసం చెవి కుట్టినట్టు ప్లేటుకు ఒక రంధ్రం, ఆ రంధ్రంలో కొక్కెం, కొక్కేనికి ఉక్కు రోపు. పన్నెండు టన్నుల యంత్రం గాల్లో ఉన్నంతసేపూ దాని భారమంతా ఆ నాలుగు చెవుల మీదే. ప్లేటు ఎంత మందం ఉండాలి, రంధ్రం అంచుకు ఎంత దూరంలో ఉండాలి, వెల్డు ఎంత పొడవుండాలి, ఇదంతా లెక్కగట్టడం నా పని. ఆ వెల్డులో పగులుందో లేదో చూడటం ఆయన పని. షెడ్డంతా ఆయన్ని టెస్టింగన్న అనేది. నేనూ అన్నా అనే పిలిచేదాన్ని, పోట్లాడేటప్పుడు కూడా.

భుజాన ఓ రెక్సిన్ సంచి, అందులో మూడు స్ప్రే డబ్బాలు. ఒకటి తుడవడానికి. ఒకటి ఎర్రరంగు, కిరసనాయిలు వాసన వేస్తుంది. ఇంకొకటి తెల్లపొడి. వెల్డును శుభ్రంగా తుడిచి ఎర్రరంగు కొడతాడు. పగులుంటే రంగు అందులోకి దిగుతుంది. కాసేపాగి పైపైన తుడిచేసి తెల్లపొడి కొడతాడు. లోపల దాక్కున్న ఎరుపు మెల్లగా పైకి ఊరి, ఆ తెలుపు మీద పగులు ఎక్కడుందో గీసి చూపిస్తుంది. ఆ కాసేపట్లో ఎవరూ మాట్లాడకూడదు. రంగుకు చెవులున్నాయా అని ఒకసారి అడిగాను. "రంగుకు లేవు చెల్లె, నాకున్నయి" అన్నాడు.

ఇన్నేళ్ల ఆ పనితో ఆయన కుడిచేతి వేళ్లు గోళ్లదాకా ఎర్రబడిపోయాయి. కడిగినా పోదు, రుద్దినా పోదు. పెండ్లయి ముప్పై ఏండ్లు దాటినా పారాణి పోని పిలగాడని వెల్డర్లు ఆటపట్టించేవాళ్లు. ఆయన సిగ్గుపడేవాడు కాదు. సిగ్గు అనే సామాను ఆయన సంచిలో ఎప్పుడూ లేదు. తను చూడకపోతే హైదరాబాద్‌లో సగం క్రేన్లు బోర్లాపడేవని నమ్మేవాడు, టీ కొట్టులో కూర్చున్న అందరినీ నమ్మించేవాడు.

నేను ఏ లెక్క చూపించినా ఆయన అడిగేది ఒకటే మాట. "ఊపితే?"

అంటే, ఊరికే వేలాడుతున్నప్పుడు సరే, క్రేను కుదిపినప్పుడు ఏమవుతుందని. ఆ కుదుపు కూడా లెక్కలో వేశాను, ఇదిగో ఈ వరస చూడు అంటే చూసేవాడు కాదు. కాగితం మీద వేలు పెట్టి, ఓ ఎర్ర ముద్ర వదిలి, మళ్లీ "ఊపితే?" అనేవాడు. నా డ్రాయింగుల మీద ఆయన వేలిముద్రలు ఎన్నో. నా లెక్క కరెక్టని మాత్రం ఒక్కసారి అన్నవాడు కాడు. లగ్గు బాగుంటే వెల్డరు చేయి మంచిదనేవాడు, కాకపోతే ప్లేటు మంచిదనేవాడు. లెక్క అనేది ఒకటుంటుందనీ, అది వేసిన మనిషి ఎదురుగానే నిలబడి ఉందనీ ఆయనకు గుర్తుండేది కాదు.

మా చెల్లెలి బిడ్డను తొట్టెల్లో వేసే వేడుకకు ఆయన్ని పిలవడం నా తప్పే. శంషాబాద్‌లో వాళ్ల ఇల్లు, నిండా చుట్టాలు. దూలానికి కొత్త కొక్కెం బిగించి, తొట్టెలకు పూలు చుట్టి, బిడ్డను అందులో వేయడానికి ముసలమ్మలంతా పాట అందుకున్నారు. టెస్టింగన్న జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. చెప్పులు విడిచాడు. స్టూలెక్కాడు. తొట్టెల విప్పి పక్కన పెట్టి, రెండు చేతులతో కొక్కెం పట్టుకుని వేలాడాడు! తెల్లచొక్కా, మోకాళ్లు ముడుచుకుని, కింద పడ్డ స్టూలు. పాట ఆగిపోయింది. మా చెల్లెలి అత్తగారు బిడ్డను పట్టుకుని నిలబడిన చోటే ఉండిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. బిడ్డ మూడు కిలోలుంటుంది అన్నా, నువ్వు డెబ్బై ఉంటావు, దిగు అన్నాను.

పైనుంచే జవాబు. "బిడ్డ గట్లనే పండుకుంటదా చెల్లె? రేపు ఊపుతరు. ఊపితే?"

అని, వేలాడుతూనే తను ఊగాడు. కొక్కెం చుట్టూ ఉన్న సిమెంటు పొడిపొడిగా రాలి ఆయన నెత్తిన పడింది. కొక్కెం ఊడలేదు, నిజమే, కానీ కదిలింది. ఆయన దిగి, నెత్తి దులుపుకుని, దాన్ని మళ్లీ బిగించేదాకా తొట్టెల కట్టనివ్వలేదు. మంచి గడియ దాటిపోయిందని చుట్టాలు నెలరోజులు నన్ను దెప్పారు. అంతమంది ముందు పరువు పోతుందనే లెక్క మాత్రం ఈ మనిషికి లేదని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక ఆ దసరా సంగతి.

ఏటా షెడ్డులో ఆయుధపూజకు మిషన్లన్నీ కడిగి, బయటికి వెళ్లబోయే సామానుకు కూడా పసుపు కుంకుమ పెడతారు. ఏటా టెస్టింగన్న వెల్డుకు ఓ రేకుముక్క అడ్డం పట్టుకుని కాపలా ఉండేవాడు. బొట్టు ప్లేటు మీద పెట్టుకోండి, వెల్డు జోలికి మాత్రం రావద్దని అందరినీ గదమాయించేవాడు. "ఎరుపు మీద ఎరుపు వడితే నేనెట్ల సదువాలె?" అనేవాడు. షెడ్డు యజమాని, మా సేటు, బొట్టు పెడుతుంటే ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు జరిపిన మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆ ఏడు పూజ మర్నాడు పొద్దున్నే జెనరేటరు ట్రైలరెక్కి ఎయిర్‌పోర్టు రోడ్డు మీద కడుతున్న ఓ హోటలుకు వెళ్లింది. డాబా మీద పెట్టాలి. మామూలుగా నేను సైటుకు వెళ్లను. ఆ రోజు ఎందుకో సేటు, టెస్టింగన్నల వెంట నేనూ వెళ్లాను. చూసేసరికి నా ఒళ్లు మండింది. రోపులు పొట్టివి!

నా లెక్క పొడుగు రోపులకు వేసింది. క్రేను కొక్కెం బాగా పైన ఉంటే నాలుగు రోపులూ దాదాపు నిటారుగా దిగుతాయి. కానీ అక్కడ నెత్తి మీదుగా విమానాలు దిగుతాయి. క్రేను చెయ్యి ఇంతకంటే పైకి లేవకూడదని ఒక ఎత్తు పెట్టి పర్మిషన్ ఇచ్చారు, అదీ ఆ ఒక్క పొద్దుటికే. డాబా ఎత్తూ, యంత్రం ఎత్తూ, రోపుల ఎత్తూ కలిస్తే ఆ హద్దు గీత దాటుతుంది. కాబట్టి కాంట్రాక్టరు తెలివిగా రోపులు కురచ చేశాడు. ఎవరికీ చెప్పలేదు. రోపులు గొడుగు ఊచల్లా పక్కకు పరుచుకున్నాయి.

నిండు సంచి ఇద్దరు చెరో చెవి పట్టుకుని మోసి చూడండి. దగ్గరగా నడిస్తే హాయి. ఒకరికొకరు దూరం జరిగేకొద్దీ సంచి బరువు అంతే ఉన్నా భుజాలు ఊడొస్తాయి. ఇక్కడా అంతే. రోపు మీద లాగుడు దాదాపు రెట్టింపు, పక్కకు లాగేది మూడింతలు. పైగా ప్లేటును పొడుగు వైపు లాగితే అది ఎంతకైనా ఆగుతుంది, పక్కకు లాగితే స్కేలు వంగినట్టు వంగుతుంది. కింద నాలుగు మూలలా తాళ్లు పట్టుకుని నలుగురు ఖలాసీలు నిలబడ్డారు. యంత్రం గాల్లో తిరగకుండా వాళ్లు దాని వెంటే, దాని నీడలోనే నడవాలి.

నేను అక్కడే ఓ అట్టముక్క మీద లెక్క వేసి చూపించాను. గట్టిగానే చెప్పాను. నాకు మెల్లగా చెప్పడం రాదు, వచ్చినా ఆ క్రేను మోతలో వినపడదు. కాంట్రాక్టరు చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా విన్నాడు.

"మీరు పుస్తకంలో చూసి చెప్తున్నారండి. మేం ఇలాంటివి వందలు ఎత్తామండి మేడమ్ గారూ. మీ లగ్గు మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండి?"

అందరూ నవ్వారు. మా సేటు గడియారం చూసుకున్నాడు. ఈ పొద్దు దాటితే మళ్లీ పర్మిషన్ ఎప్పటికో, ఇగ లెక్కలన్నీ షెడ్డుకు పోయి చూద్దామన్నాడు. నేను టెస్టింగన్న వైపు తిరిగాను. జీవితంలో మొదటిసారి ఆయన సాయం అడిగినట్టు చూశాను. కొక్కేనికి వేలాడే మనిషి, తొట్టెల ఆపిన మనిషి, నాలుగు మాటలు అనలేడా? ఆయన రోపుల వైపు చూశాడు, అట్టముక్క వైపు చూశాడు, మెల్లగా దగ్గరకు వచ్చాడు.

"ఖరారేనా చెల్లె?"

"ఒరుగుతది అన్నా. ఖరారు."

"ఊపితే?" అంటాడనుకున్నాను. అనలేదు. సంచి సర్దుకుని ట్రైలరు ఎక్కి, ఆఖరుసారి చూసుకుంటానని అటువైపు మూల లగ్గు దగ్గర కూర్చున్నాడు. ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. స్ప్రే కొట్టిన చప్పుడు వినిపించింది. నాకు ఏడుపొచ్చేంత కోపం. ఇక్కడ మనుషుల మీద ఇనుము పడబోతుంటే ఈయన వెల్డుకు పౌడరు పూస్తున్నాడు!

ఎత్తండి ఎత్తండి అని కాంట్రాక్టరు అరిచాడు. ఆపరేటరు ఇంజను పెంచాడు. రోపులు బిగుసుకోబోతున్నాయి.

"ఆపుర్రి."

అంతే. గట్టిగా కూడా కాదు. ఆయన లేచి నిలబడి పక్కకు జరిగాడు. తెల్లపొడి మీద, వెల్డు పొడుగునా, సన్నటి ఎర్రగీత. "నిన్న పూజ చేసిన లగ్గే. ఎర్రగ చూపెడ్తుంది. మీరే సూడుర్రి" అన్నాడు.

నేను ఆ మాటలు తర్వాత ఎన్నోసార్లు తిరగేసుకున్నాను. పగులు అనలేదు. పగులు అనే మాటే ఆయన నోట్లోంచి రాలేదు. పూజ అన్నాడు, ఎరుపు అన్నాడు, సూడుమన్నాడు. మిగతా పని వాళ్లు చేసుకున్నారు. ముసలి ఖలాసీ తాడు వదిలేసి కళ్లకద్దుకున్నాడు. మిగిలిన ముగ్గురూ వెనక్కి జరిగారు. ఆపరేటరు ఇంజను ఆపి, చెప్పులు విడిచి, కేబిన్‌లోంచి దిగిపోయాడు. పుస్తకాల గురించి నాకు పాఠం చెప్పిన కాంట్రాక్టరు రెండు చేతులూ జోడించాడు. అట్టముక్కకు ఆగని క్రేను ఆ గీతకు ఆగింది. నా నోరు అంత కష్టపడి చేయలేని పని!

ట్రైలరు షెడ్డుకు తిరిగొచ్చింది. అప్పటికి నా కోపం దిశ మార్చుకుంది. నా లగ్గులో పగులా? నేను దగ్గరుండి వేయించిన వెల్డులో? ట్రైలరు ఆగీ ఆగకముందే ఎక్కి కొంగుతో తుడిచాను. సగం గీత కొంగుకొచ్చింది. వాసన చూశాను. కిరసనాయిలు వాసన లేదు. దేవుడి గది వాసన! సేటు ముందే మళ్లీ మొత్తం తుడిపించి, మళ్లీ రంగు కొట్టించి, మళ్లీ తెల్లపొడి కొట్టించాను. పాలలా తెల్లగా ఉండిపోయింది. పగులు లేదు.

సేటు ముఖం చూడాలి. కుంకుమ కోసం పర్మిషన్ పోయిందని అప్పుడర్థమైంది ఆయనకు. అందరూ టెస్టింగన్న మీద పడ్డారు, అందరికంటే ముందు నేను పడ్డాను. కుంకుమకూ పగులుకూ తేడా తెలియని నువ్వేం టెస్టింగ్ అన్నా, నా వెల్డును బజారుకీడ్చావు కదా అన్నాను. ఆయన ట్రైలరుకు ఆనుకుని వక్క నములుతున్నాడు.

"అయితే లగ్గు మంచిదే గదా చెల్లె. ఇగ గా పొట్టి రోపులతోనే ఈడ లేపి సూడుర్రి. జానెడు. గంతే."

కాంట్రాక్టరు ఎగిరి గంతేశాడు. తన రోపులు గొప్పవని నిరూపించే అవకాశం వస్తే వదులుతాడా? తనే క్రేను మా యార్డుకు తెప్పించాడు. మనుషులందరినీ గోడ దాకా జరిపాం. పొట్టి రోపులు తగిలించారు. ఇంజను పెరిగింది. యంత్రం నేలను విడిచి బెత్తెడు, జానెడు లేచింది. ముందు వచ్చింది చప్పుడే. పేలాలు వేగినట్టు టపటపా పెయింటు పెచ్చులు ఎగిరాయి. ఆ తర్వాత, మా అందరి కళ్ల ముందూ, మూల లగ్గు లోపలికి ఒరిగింది. మాట నచ్చని మనిషి మెడ తిప్పుకున్నట్టు మెల్లగా, ధీమాగా ఒరిగింది. దాని వెనకే రెండోది.

"దించు, దించు" అన్నాడు కాంట్రాక్టరు.

నేను అరిచాను. సంతోషంతో! నేను గీసిన లగ్గు వంగిపోయిందని చప్పట్లు కొట్టిన ఇంజనీరును మీరు చూసి ఉండరు. నేను చెప్పిన వైపుకే ఒరిగింది, నేను చెప్పినట్టే ఒరిగింది. చూశారా, చూశారా అని యార్డంతా తిరిగాను. ముసలి ఖలాసీ ఒక్కడే దగ్గరకు వచ్చి, ఒరిగిన ప్లేటు మీద చెయ్యి వేసి, తలెత్తి హోటలు డాబా అంత ఎత్తుకు ఆకాశంలోకి చూశాడు.

తర్వాత ఓ ఇనుప ఫ్రేము చేయించాను. దాని కింద నుంచి నాలుగు రోపులూ నిటారుగా వేలాడేట్టు, అంతా కలిసినా విమానాల గీత దాటకుండా. కొత్త లగ్గులు వేశాం. మళ్లీ పర్మిషన్ వచ్చినప్పుడు యంత్రం పెళ్లికూతురిలా తలొంచుకుని డాబా ఎక్కింది. కానీ అప్పటికే కథ నన్ను దాటిపోయింది. యార్డులో ఒరిగిన లగ్గును పదిమంది చూశారు. వాళ్లే, అమ్మవారు ముందే చూపించిందని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అట్టముక్క ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు.

నేను ఆయన్ని వదల్లేదు. వెల్డు మీద బొట్టు పెట్టనివ్వకుండా సేటు చెయ్యే పట్టుకున్న మనిషివి, ఆ ఏడాది నీ కళ్లముందే వెల్డు పొడుగునా కుంకుమ ఎలా వచ్చిందన్నా అని అడిగాను. అదీగాక బొట్టు గుండ్రంగా ఉంటుంది, గీతలా ఎందుకుంటుంది? ముందురోజు కుంకుమే అయితే ట్రైలరు మీద దుమ్ముకొట్టుకుపోయి ఉండాలి, నీ తెల్లపొడి కింద మరుగునపడి ఉండాలి, పైకెలా తేలింది? టీ తాగుతూ అడిగాను, తిడుతూ అడిగాను, ఓసారి మా ఇంట్లో ఆయనకిష్టమైన సర్వపిండి పెట్టి కూడా అడిగాను. సర్వపిండి తిన్నాడు.

ఓ రోజు నీ వేళ్లు చూపించు అన్నాను, ఆ పొద్దున వాటికి కుంకుమ అంటిందో లేదో నాకు తెలియాలని. ఐదు ఎర్రవేళ్లు నా ముఖం ముందు పెట్టి ఆడించాడు.

"ఇవి ఎన్నడన్న తెల్లగున్నయా చెల్లె?"

ఈ ఏడాది ఎండాకాలంలో నిద్రలోనే పోయాడు. ఏ బరువూ మీద పడకుండా, ఏ కొక్కెమూ ఊడకుండా.

పదకొండో దినం భోజనాలయ్యాక, అందరితో పోట్లాట ముగిశాక, లోపలికి వెళ్లి ఫోటో ముందు నిలబడ్డాను. దండ వేసి బొట్టు పెట్టారు. ఎవరూ చూడకుండా ఫోటో వెనక చెయ్యి పెట్టి మేకును లాగి చూశాను. కదల్లేదు. పక్కకు ఊపి కూడా చూశాను. కదల్లేదు.

కాంట్రాక్టరుకు నేను చెప్పని సంగతి ఒకటుంది. ఆ కుంకుమ పూజలో ఎవరి చేతినుంచో జారిపడిందే అయితే, ఆయన దాన్ని చూసి నిజంగానే పొరబడి ఉంటే, ఆ పొద్దున సైటులో నా మాట నమ్మినవాడు ఒక్కడూ లేనట్టే. అందరి ప్రాణాలూ ఉత్త పొరపాటు వల్ల మిగిలినట్టే. అదే ఆయన సంచిలోంచి చిటికెడు కుంకుమ తీసి, నాకు వీపు పెట్టి కూర్చుని, ఆ ఎర్రవేలితో గీసిందే అయితే, అదెంత దొంగపనైనా సరే, నా అట్టముక్క మీది లెక్కను ఒక మనిషి నమ్మినట్టు. తన పేరు, తన సంచి, తన ముప్పై ఏళ్ల గొప్పలు, అన్నీ దాని మీద వేలాడదీసినట్టు.

చెప్పన్నా, ఇప్పుడైనా చెప్పు. ఆ గీత నీ వేలిదేనా?